తొమ్మిది పాళ్ళు నాకు

286వ రోజు

పరుగు నలభై కిలోమీటర్లు. మిగిలింది మూడు వందల డెబ్బై రెండు. కాళ్ళు బాగున్నాయి. నొప్పి సగం సగం.

దారి సంఘం వాళ్ళు ఇచ్చిన ఈ పుస్తకంలో ప్రతిరోజూ ఈ నాలుగు సంగతులూ ముందు రాయాలి. కింద మిగిలిన జాగాలో సాక్షి తనకు తోచింది రాసుకోవచ్చు. ఇన్నాళ్ళూ నేను ఆ జాగాలో ఎండ అనో వాన అనో రాసి వదిలేశాను. చివర్న ఈ పుస్తకాన్ని మేం చేరాల్సిన కొత్తలంకలో మూడు వేలమంది ముందు చదువుతారట. అది తలుచుకుంటే చెయ్యి ముందుకు కదిలేది కాదు. ఇంకా పద్నాలుగు రోజులే కాబట్టి ఇక కొంచెం రాస్తాను.

నా పేరు నూకరత్నం. ఐదో తరగతి దాకా చదివాను. పరుగెత్తే మనిషి ఇంట్లోవాళ్ళే సాక్షిగా రావాలి, చేత్తో రాయాలి అన్నారు. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చింది నాకొక్కదానికే. పరుగెత్తేది మా ఆయన. ఆయనకు చదవడం రాదు. ఆ నాలుగు సంగతులూ రోజూ సాయంత్రం చదివి వినిపిస్తాను.

ఇది పద్నాలుగో దేశం, ఆఖరిది. దీని పేరు నాకు నోరు తిరగదు. చెట్ల మానులన్నీ సున్నం వేసినట్టు ఉంటాయి కనుక తెల్లచెట్ల దేశం అనుకుంటున్నాను. దీనికి ముందు గుర్రాల దేశం. చాలా వెనక ఉప్పు దేశం.

ఆయన ఆగగానే ఉప్పునీళ్ళు కాచి కాళ్ళు కడిగాను. వేళ్ళ మధ్య గుడ్డ పెట్టి ఒత్తాను. జోళ్ళకు కొత్త అడుగు కుట్టాను, ఇది నలభై ఆరోది. మేజోళ్ళు బండికి కరెంటు ఇచ్చే ఎండ పలకకు ఆనించి ఆరేశాను. ఈలోపు తాయారత్తయ్య రాగిపిండితో చోడంబలి కాచింది. ఆవిడ ఆయనకు పిన్ని. బండి నడిపేదీ, వంట చేసేదీ, ఎముక బెణికితే కట్టు కట్టేదీ ఆవిడే.

287వ రోజు

పరుగు ముప్పై తొమ్మిది. మిగిలింది మూడు వందల ముప్పై మూడు. కాళ్ళు బాగున్నాయి. నొప్పి సగం సగం.

బండి దిగుతూ తూలాను. ఇల్యాస్ గారు చూశారు. ఆయన దారి సంఘం పంపిన తనిఖీ మనిషి, సైకిలు మీద మా వెంట వస్తారు. ఆయన మాట మాకు రాదు. మెడలో వేలాడే యంత్రం దాన్ని తెలుగులోకి మార్చి చెబుతుంది. ఆ యంత్రం తెలుగును పాత పుస్తకాల నుంచి నేర్చుకుందట.

"అమ్మా, తాము కుంటుచున్నారేమి?" అంది యంత్రం.

"బండిలో కూకుని కూకుని కాళ్ళకి తుప్పట్టిందండి. తవరు కంగారు పడకండి," అంది అత్తయ్య.

యంత్రం తుప్పు అన్న మాటను ఎలా మార్చిందో గాని, ఇల్యాస్ గారు సంచిలోంచి సైకిలు నూనె తీసి నాకు ఇవ్వబోయారు. మా ఆయన పడీ పడీ నవ్వారు. నేను కూడా.

నొప్పి సగం సగం అంటే ఏమిటో చదివేవాళ్ళకు తెలియకపోవచ్చు. ఆయన నడుముకు ఒక పట్టీ, నా నడుముకు ఒక పట్టీ ఉన్నాయి. నొప్పి అస్సలు తెలియని మనిషి విరిగేదాకా పరిగెడతాడు. మొత్తం తెలిసిన మనిషి సగం దారిలో కూలబడతాడు. అందుకని ఆయన నొప్పిలో సగం నాకు వచ్చేలా పెట్టారు. నా పట్టీకి చిన్న మర ఉంది, దాని మీద పది గీతలు. మర ఐదో గీత మీద ఉండాలి.

288వ రోజు

పరుగు ముప్పై ఎనిమిది. మిగిలింది రెండు వందల తొంభై అయిదు. కాళ్ళు బాగున్నాయి. నొప్పి సగం సగం.

సాయంత్రం రేడియోలో కొత్తలంక వాళ్ళు పలికారు. వాళ్ళూ మేమూ ఒకే లంకల వాళ్ళం. ఇరవై ఆరేళ్ళ కిందట సముద్రం మా లంకల్ని మింగేసినప్పుడు సగం పడవలు ఇటు ఉత్తరానికి వచ్చాయి, సగం, మావి, అక్కడే మెరక మీదికి వెళ్ళాయి. ఆ తర్వాత విమానాలూ రైళ్ళూ నిలిచిపోయాయి, దేశాలు తలుపులు వేసుకున్నాయి. మేనమామలు అటు, మేనకోడళ్ళు ఇటు. మా ఊళ్ళో మేనరికమన్న మాటే వినపడకుండా పోయింది. ఒక్క మనిషి మూడు వందల రోజుల్లో తన కాళ్ళ మీద మొత్తం తొక్కిన దారిని నడిచేవాళ్ళకు ముప్పై ఏళ్ళ పాటు తెరిచి ఉంచుతామని పద్నాలుగు దేశాలూ ఒప్పుకున్నాయి. అందుకే ఈ పరుగు. ఇంతకు ముందు మావాళ్ళు ఇద్దరు ప్రయత్నించి మధ్యలోనే ఆగిపోయారు.

ఇవాళ అక్కడి ఆడవాళ్ళు ఆయన మీద కట్టిన పాట పాడారు. 'నొప్పి ఎరగని గంగరాజు' అని మొదలవుతుంది. ఆయన సిగ్గుపడుతూనే రెండోసారి పాడించుకున్నారు.

తర్వాత నాతో అన్నారు: "నిజంగానే పెద్దగా తెలీట్లేదే రత్నం. మొదట్లో చచ్చిపోయేవోణ్ణి. ఒళ్ళు అలవాటు పడిపోయినట్టుంది."

నేను మేజోళ్ళు పిండుతూ ఉండిపోయాను.

289వ రోజు

పరుగు ముప్పై ఆరు. మిగిలింది రెండు వందల యాభై తొమ్మిది. కాళ్ళు బాగున్నాయి. నొప్పి సగం సగం.

కుడికాలు. మోకాలికి జానెడు కింద, ముందువైపు ఎముక మీద గోరంత చోటు. నాలుగు రోజుల కిందట చీమ కుట్టినట్టు ఉండేది. ఇవాళ ఆయన కుడి అడుగు నేల మీద పడ్డ ప్రతిసారీ అక్కడ మేకు దిగినట్టు ఉంది. కిలోమీటరుకు ఆయన ఎన్ని అడుగులు వేస్తారో నాకు తెలుసు. లెక్కపెట్టడం మానేశాను.

290వ రోజు

పరుగు పన్నెండు. మిగిలింది రెండు వందల నలభై ఏడు.

మిగతా రెండు సంగతులూ కింద రాస్తాను.

పొద్దున్న అంబలికి ఆగినప్పుడు నేను గిన్నె తీసుకుని నాలుగు అడుగులు వేసి కూలబడ్డాను. అత్తయ్య నా కాలు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో నొక్కింది.

"ఇక్కడ?"

"లేదండి."

"ఇక్కడ?"

"లేదు అత్తయ్యా."

"ఎముక శుభ్రంగా ఉంది. వాపు లేదు, కాక లేదు. మరెందుకే కుంటుతున్నావు?"

ఆవిడ కాసేపు నన్ను చూసి, రోడ్డు పక్క నిలబడి అంబలి తాగుతున్న ఆయన వైపు తిరిగింది.

"ఒరే గంగా, ఇలా రా. కుడికాలు చాపు."

"నాకేటైంది పిన్నీ? బానే ఉన్నాను."

"చాపరా అంటే."

ఆవిడ ఆ గోరంత చోట బొటనవేలు పెట్టి నొక్కింది. ఆయన "కొంచెం చుర్రుమంది" అన్నారు. బండి దగ్గర కూర్చున్న నేను "అమ్మా" అని అరిచాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేసరికే ముగ్గురూ నా వైపు చూస్తున్నారు.

"ఏమి సంభవించినది?" అంది యంత్రం.

అత్తయ్య నన్ను రెక్క పట్టుకుని బండి వెనక్కి తీసుకెళ్ళింది.

"మర ఎంత మీద పెట్టావే?"

"తొమ్మిదండి."

"ఎప్పట్నించి?"

"ఉప్పు దేశంలో మొదలెట్టానండి. అరవై ఒకటో రోజు. అప్పుడు ఆరు మీద పెట్టాను. తర్వాత ఒక్కొక్కటే."

ఆవిడ బండి మెట్టు మీద కూర్చుండిపోయింది.

ఆ రోజు ఉప్పు దేశంలో ఆయన మడమలు పగిలి, నిద్రలో కూడా మూలిగారు. నేను మర ఒక్క గీత తిప్పాను. ఎవరికీ చెప్పలేదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు చేసేదే చేశాననుకున్నాను. చేపలకూర వండితే నడిమి ముక్కలు ఆయన కంచంలో వేస్తాను, తలా తోకా నేను తీసుకుంటాను. అది ఎవరైనా చెప్పి చేస్తారా? అడిగి వడ్డిస్తారా? ఆయన తృప్తిగా తిని లేస్తే చాలు. మర కూడా అలాగే తిప్పాను. పొద్దున్న లేచి ఆయన ఈల వేస్తూ జోళ్ళు తొడుక్కుంటే నాకు ఆ తృప్తే కలిగేది.

ఈ మాటే అత్తయ్యతో అన్నాను.

"చేపముక్కయితే తిని ఊరుకుంటాడు," అందావిడ. "ఇది వాడి ఎముక వాడికి చెప్పుకునే కబురే పిచ్చిదానా. దార్లో నువ్వు తీసేసుకుంటే వాడికెలా తెలుద్ది? ఎముక చిట్లింది. ఇంకా విడిపోలేదు. ఇలాగే ఇంకో రెండ్రోజులు పరిగెడితే విరిగి రెండు ముక్కలవుద్ది."

"మీరు చెప్పండి ఆయనకి."

"నేను చెప్తే తిట్టినట్టుంటది. నువ్వే చెప్పు."

కాళ్ళు: కుడికాలి ఎముక చిట్లింది. నొప్పి: నాకు తొమ్మిది పాళ్ళు, ఆయనకు ఒకటి.

291వ రోజు

పరుగు లేదు. మిగిలింది రెండు వందల నలభై ఏడు. కాలికి కట్టు కట్టారు.

అత్తయ్య పుత్తూరు వైపు నేర్చుకున్న కట్టు. ఇక్కడ వెదురు బద్దలు దొరకవు, తెల్లచెట్ల బెరడు కోసుకొచ్చింది. గుడ్డు సొనలో మినప్పిండి కలిపి గుడ్డకు పట్టించి చుట్టింది. ఇరవై రోజులు కదలకూడదని చెప్పాలి గాని చెప్పలేదు. మాకున్నవి తొమ్మిది రోజులు. రోజుకు ఇరవై ఏడు, పైన కొంచెం, నడిస్తే చాలు. ఆయన ఇన్నాళ్ళూ ముందు ముందు పరుగెత్తబట్టి ఆ మాత్రం వెసులుబాటు మిగిలింది.

కట్టు ఆరుతుండగా ఆయన పాదాలను చూస్తూ చెప్పాను. మొహం చూసి చెప్పలేకపోయాను.

ఆయన అన్నారు: "రోజూ చదివేదానివి కదే. సగం సగం అని."

"అబద్ధమేనండి."

"అక్కడ నా మీద పాట కట్టారు."

నేను కట్టు మీది గుడ్డ సర్దాను.

"నా కాళ్ళతో నువ్వు పరిగెత్తావు. నేనేమో ఈలలేసుకుంటా వచ్చాను." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "ఆ పట్టీ ఇటియ్యి."

ఇచ్చాను. మరను సున్నా మీదికి తిప్పారు. పది పాళ్ళూ ఆయనకే. ఆ క్షణంలో ఆయన మొహంలో రంగు పోయింది. కళ్ళు మూసుకుని అటు తిరిగి పడుకున్నారు.

నేను పుస్తకం పట్టుకుని ఇల్యాస్ గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. యంత్రం అంతా మార్చి వినిపించాక ఆయన గడ్డం గోక్కున్నారు.

"మర యే గీతపై నున్నను దోషము లేదు. తప్పు వ్రాతను తామే స్వహస్తముతో దిద్దవలెను," అంది యంత్రం. "దిద్దినచో పుస్తకము చెల్లును. దిద్దనిచో పరుగు చెల్లదు."

రెండు వందల ఇరవై తొమ్మిది పేజీలు. ఏ రోజు మర ఏ గీత మీద ఉందో నాకు గుర్తే. సగం సగం అన్నచోటల్లా కొట్టేసి పక్కన సరైన అంకె వేశాను. సాయంత్రానికి అయింది. అటు తిరిగి పడుకున్న ఆయనకు అదంతా చదివి వినిపించాను. ఆరు, నాలుగు. ఏడు, మూడు. ఎనిమిది, రెండు. మధ్యలో ఒక్కసారి "చాల్లే" అన్నారు. అయినా చివరిదాకా చదివాను.

292వ రోజు

నడక ముప్పై. మిగిలింది రెండు వందల పదిహేడు. కాళ్ళు బాగున్నాయట. నొప్పి మొత్తం ఆయనకే.

కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కర్ర ఉండొచ్చని ఇల్యాస్ గారు అన్నారు.

నా ఒంట్లో ఏమీ లేదు. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకున్నా ఆయన ఎక్కడ అడుగు పెడుతున్నారో తెలిసేది. రాయి తొక్కితే తెలిసేది. ఇవాళ బండిలో కూర్చుని ఆయన వీపు చూస్తూ వచ్చాను. వీపు చూస్తే ఏం తెలుస్తుంది? అందుకని అడిగాను. పెళ్ళయిన మూడేళ్ళలో ఆయనను ఒంట్లో ఎలా ఉందని నేను అడగడం ఇదే మొదలు.

"ఎలా ఉందండీ?"

"బాగుంది."

293వ రోజు

నడక ముప్పై ఒకటి. మిగిలింది నూట ఎనభై ఆరు. కాళ్ళు బాగున్నాయట.

రోజుకు ఇరవై ఏడు చాలని అత్తయ్య మొత్తుకుంటే వినలేదు. రేడియోలో వాళ్ళు పాట మొదలుపెట్టగానే లేచి అవతలికి వెళ్ళిపోయారు.

294వ రోజు

నడక ఇరవై తొమ్మిది. మిగిలింది నూట యాభై ఏడు. ఆయన బాగుంది అన్నారు. నేను అది రాయను.

ఆయన కండువా ఉతుకుతుంటే ఒక మూల చిల్లులు పడి ఉంది. ఎలుక కొట్టిందేమో అనుకున్నాను. తర్వాత చూస్తే పళ్ళ గుర్తులు, కొంచెం నెత్తురు. కాళ్ళు కడిగేటప్పుడు పాదం బూరెలా ఉబ్బి ఉంది. వేలితో ఒత్తితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"నొప్పిగా ఉందా?"

"లేదే. బానే ఉందన్నానా."

నేను కూడా ఇన్నాళ్ళూ ఇదే మాట, ఇలాగే మొహం తిప్పుకుని అన్నాను. అవతలివాళ్ళకు అది ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలియలేదు. ఇవాళ తెలిసింది.

295వ రోజు

నడక ఇరవై రెండు. మిగిలింది నూట ముప్పై అయిదు. పాదం వాచింది. నొప్పి సగం సగం.

పొద్దున్న ఆయన కర్ర తీసుకుని బయలుదేరుతుంటే వెళ్ళి రోడ్డు మధ్యలో నిలబడ్డాను.

"అడ్డు లే రత్నం."

"లేవనండి."

"ఏంటే ఇది, నలుగురిలో?"

"నలుగురిలోనేనండి. కండువా చూశాను. బాగుంటే దాన్నెందుకు కొరుకుతారు?"

ఆయన అత్తయ్య వైపు చూశారు. ఆవిడ గిన్నెలు సర్దుకుంటున్నట్టు నటించింది.

"నువ్వు చెప్పావేంటి ఇన్నాళ్ళు?"

"చెప్పలేదు. తప్పే. నేను చేసిన తప్పు మీరూ చెయ్యాలా?"

"నువ్వు పడ్డావు. ఇప్పుడు నా వంతు. పడనీ."

"వంతులేసుకుంటే కాలు విరుగుద్దండి." ఇంకో అడుగు ముందుకు వేశాను. "నాకు తొమ్మిదున్నప్పుడు మీకు తెలీక పరిగెత్తారు. మీకు పది ఉంటే నాకు తెలీక మిమ్మల్ని ఆపలేను. రెండింటికీ కాలే పోతది. సగం నాకివ్వండి. మీరు ఓర్చుకుందామనుకున్నా నేను ఆగమంటాను. నేను ఓర్చుకున్నా మీరు ఆగుతారు."

"ఇవ్వకపోతే?"

"పుస్తకం రాయను. సాక్షి లేని పరుగు మీ ఇష్టం."

"ఒరే, దీనికి నోరుందిరా," అంది అత్తయ్య గిన్నెల్లోంచి.

ఇల్యాస్ గారు యంత్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని అంతా విన్నారు. తర్వాత అది గట్టిగా పలికింది: "ఇల్లాలు ధర్మమునే వచించినది. తాము అంగీకరించుడు, నాయనా."

ఆ 'నాయనా' వినగానే ఆయనకు నవ్వు ఆగలేదు. నాలుగు రోజుల తర్వాత నవ్వారు. నవ్వుతూనే కర్ర కింద పడేసి, పట్టీ తీసి నా నడుముకు కట్టి, మరను ఆయనే తిప్పారు. ఐదో గీత మీద పెట్టి, వంగి మరీ చూసుకున్నారు.

కాలు భగ్గుమంది. కాని ఆయన ఎక్కడున్నారో తెలిసింది.

ఇక బండి ఎక్కలేదు. ఆయన పక్కనే నడిచాను. నొప్పి ఎక్కువైతే చెయ్యి ఎత్తుతాను, ఇద్దరం కూర్చుంటాం.

299వ రోజు

నడక ఇరవై ఏడు. మిగిలింది ఇరవై ఏడు. వాపు కొంచెం తగ్గింది. నొప్పి సగం సగం.

ఈ నాలుగు రోజులూ ఇలాగే గడిచాయి. ముప్పావు గంట నడక, పావు గంట కూర్చోవడం. కూర్చున్నప్పుడు కబుర్లు చెప్పుకున్నాం. పదకొండు వేల కిలోమీటర్లు కలిసి వచ్చి, ఆయనకు చింతకాయ పచ్చడి ఇష్టం లేదని నాకు నిన్ననే తెలిసింది. మూడేళ్ళుగా పెడుతున్నాను, తింటున్నారు.

300వ రోజు

నడక ఇరవై ఏడుకు రెండు వందల అడుగులు తక్కువ. కుడికాలు చిట్లి ఉంది, విడిపోలేదు. నొప్పి సగం సగం.

గీత దాటాక రాసింది చెల్లదు. అందుకని ఇక్కడే, రోడ్డు మీద కూర్చుని రాస్తున్నాను.

ఎదురుగా ఏటి ఒడ్డు, దారికి అడ్డంగా పరిచిన పసుపు తాడు. అదే గీత. దాని అవతల కొత్తలంక అంతా నిలబడి ఉంది. వాళ్ళు తాడు దాటి వచ్చి చెయ్యి పట్టుకోకూడదు. పట్టుకుంటే అది ఒక్క మనిషి తొక్కిన దారి కాదు.

మమ్మల్ని చూడగానే పాట ఎత్తుకున్నారు. "రా గంగరాజూ, రా" అని అరుపులు. ఆయన నడక దానంతటదే వేగం అందుకుంది. నా కాలిలో ఆ గోరంత చోట మేకు మళ్ళీ దిగింది. చెయ్యి ఎత్తాను. ఆయన ఆగారు, కాని కూర్చోలేదు.

"రెండొందల అడుగులే రత్నం. విరిగితే విరిగిద్ది. పడినా అవతలే పడతాను."

"తాడు ముందు విరిగితే?"

ఆయన కళ్ళు తాడు మీదే ఉన్నాయి. అన్ని గొంతులు పిలుస్తుంటే ఎవరి కాలు మాత్రం ఆగుతుంది? ముందు ఆ పిలుపు ఆగాలి. గడువు పొద్దు వాలేదాకా, ఇంకా మూడు గంటలున్నాయి.

ఆయనను అక్కడే ఉండమని, నేను ఒక్కదాన్నే తాడు దాకా నడిచాను. అంతమంది మొహాలు ఒకేసారి ఎప్పుడూ చూడలేదు. కొంగు నోట్లో పెట్టుకోబోయి మానేశాను.

"పాట ఆపండి," అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఇంకా గట్టిగా అన్నాను. ముందు వరస ఆగింది, తర్వాత వెనకవాళ్ళు.

"ఆయన కాలు చిట్లింది. నొప్పి ఎరగని మనిషి కాదు, బాగా నొప్పిగా ఉంది. కాసేపు కూర్చుంటారు. మీరు పిలుస్తుంటే కూర్చోలేరు. మీరు కూడా కూర్చోండి."

ముందున్న ముసలావిడ అడిగింది: "ఎవరమ్మాయివే నువ్వు?"

"నేను ఆయన మనిషినండి."

"అయితే కూకోబెట్టమ్మా. ఇరవై ఆరేళ్ళు చూశాం. ఇంకో గంట చూడలేమా, ఆయ్."

ఆవిడ కర్ర పక్కన పెట్టి దారిలోనే కూర్చుంది. ఆవిడ పక్కవాళ్ళు కూర్చున్నారు. వెనక్కి వెనక్కి, ఏటి ఒడ్డు దాకా అందరూ కూర్చున్నారు.

నేను వెనక్కి వచ్చేసరికి ఆయన కూడా నేల మీద కూర్చుని కాలు చాపుకుని ఉన్నారు. పక్కన కూర్చున్నాను. అత్తయ్య బండి ఆపి, ఇద్దరికీ చెరో గిన్నె అంబలి ఇచ్చింది. ఇల్యాస్ గారు యంత్రాన్ని ఆపేసి సైకిలు పక్కన చతికిలబడ్డారు. రాసింది రాసినట్టు ఆయనకు చదివి వినిపిస్తున్నాను.

గంట పైన అయింది.

"ఎలా ఉందే?" అని ఇప్పుడే అడిగారు.

"మీకెలా ఉందండీ?"

"తగ్గింది."

నాకూ తగ్గింది. పుస్తకం మూసి లేస్తున్నాం.